సగం బొమముడి

వదిన ఫోన్ చేసేటప్పటికి నేను గిద్దలూరులో మా ఇంటి వసారాలో చేట ముందేసుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాను. పొద్దున్నే ఫోన్ మోగితే అది మంచి కబురని నాకు ఏనాడూ తోచదు. బెంగ నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. "ఈ పిల్లను నవ్వుతా పిలిచినా ఉలిక్కిపడతాది" అని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ రోజు మాత్రం ఉలిక్కిపడడానికి కారణం ఉంది. "సుశీలా, మీ అన్న పొద్దున లేచి నోరు పుక్కిలిస్తే నీళ్ళు పక్కనించి కారిపోయినాయమ్మా. మూతి ఒక పక్కకు పోయింది. ఎడమ కన్ను మూతపడడంలే. పక్షవాతమేమో, నాకు కాళ్ళూ చేతులూ ఆడడంలే" అంది వదిన. నేను ధైర్యం చెప్పబోతుంటే గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "నొసలు ఒక పక్క నున్నగా అయిపోయింది. మీ నాయనకు ఆ పొద్దు అయినట్టు." నేను చేట అక్కడే వదిలేసి చెప్పులేసుకున్నాను.

గిద్దలూరు నుంచి మార్కాపురానికి కంభం మీదుగా పోవాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తిరిగిన దారే, కళ్ళు మూసుకున్నా మలుపులు తెలుస్తాయి. కానీ ఆ రోజు డ్రైవరు నా మీద పగబట్టి నెమ్మదిగా తోలుతున్నాడనిపించింది. కంభంలో టీ తాగడానికి దిగిన కండక్టరు ఎంతకీ రాడే! వచ్చాక, "ఏంది మేడం, అట్ల చూస్తాండారు నన్ను? టీ కూడా తాగకూడదా?" అన్నాడు. నుదురు తడుముకుంటే కనుబొమల మధ్య గట్టిగా ముడి పడి ఉంది. నాయన నుంచి మా అన్నకూ నాకూ తగాదా లేకుండా చెరిసగం వచ్చిన ఆస్తి అదొక్కటే. బస్సు కదిలింది. కిటికీ అద్దంలో నా ముడి నాకే కనపడుతుంటే, అన్న ముఖంలో సగం ముడి ఎట్లా ఉంటుందా అని ఊహించడానికి ప్రయత్నించి, భయమేసి మానుకున్నాను.

కోపంతో కనుబొమలు దగ్గరికి రావడాన్ని పుస్తకాల్లో భ్రుకుటి అంటారు. అచ్చ తెలుగులో బొమముడి. నేను తెలుగు పంతులమ్మను కాబట్టి ఈ మాటను జీవితమంతా నల్లబల్ల మీద రాస్తూనే ఉన్నాను. కావ్యాల్లో బొమముడికి పెద్ద గౌరవం ఉంది. రాజుగారు బొమ ముడిస్తే సేనలు కదులుతాయి, సముద్రాలు వెనక్కి తగ్గుతాయి. మునీశ్వరుడు ముడిస్తే ఎదుటివాడి గతి ఇంక చెప్పక్కర్లేదు. అదే నాయిక ముడిస్తే మాత్రం కవికి పండగ. విల్లు అంటాడు, తుమ్మెదల బారు అంటాడు, నాయకుడు ఆ కోపం చూడడానికే ఇంకాస్త ఉడికిస్తాడు. అంటే కావ్యంలో బొమముడి పడితే కథ ముందుకు నడుస్తుంది. మా ఇంట్లో బొమముడి పడితే అన్నీ ఆగిపోయేవి. ఆ తేడా ఏ వ్యాఖ్యానంలోనూ నాకు దొరకలేదు.

నాయనకు మార్కాపురంలో పలకల తయారీ ఉండేది. గని నుంచి వచ్చిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా తోమి, చెక్క చట్రం బిగించి పంపేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాయన ముఖమంతా రాతిపొడి. కనుబొమలు ముసలివాడివి లాగా తెల్లగా ఉండేవి. ముఖం కడుక్కున్నాక కూడా బొమల మధ్య గాడిలో ఇరుక్కున్న పొడి పోయేది కాదు, బలపంతో గీసినట్టు సన్నటి బూడిదరంగు గీత మిగిలేది. ఆయన ఒంటికి తడిసిన రాతి వాసన, కొత్త చెక్కపొట్టు వాసన. నాయనకు ఇంకో అలవాటు ఉండేది. పలక మంచిదా పగులుదా అని వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు కదా, ఇంట్లో కూడా చేతికి ఏది దొరికితే దాన్ని తట్టేవాడు. కుండ, కంచం, ఒక్కోసారి మా అన్న నెత్తి. "ఇది పగులుదే" అనేవాడు అన్నను తట్టి. అన్న ఏడుపుముఖం పెట్టేవాడు. అది నాయన సరసం అని మాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

మా వంటిల్లు వెనకెక్కడో ఉండేది. నాయన వీధి గుమ్మంలో అడుగుపెట్టినప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో అమ్మకు కనపడేది కాదు. పైకి చెప్తే నాయనకు వినపడుతుంది, ఆయన చెవులు పలకలు వినీవినీ పాముచెవులైనాయి. అందుకని అమ్మ ఒక పద్ధతి పెట్టింది. కాళ్ళు కడుక్కోవడానికి ఇత్తడి చెంబుతో నీళ్ళు ఇచ్చేది నేను. ఇస్తూ ముఖం చూడాలి. ఖాళీ చెంబు తెచ్చి వంటింటి మెట్టు మీద పెట్టాలి. ముడి లేకపోతే మామూలుగా, ముడి ఉంటే బోర్లించి. అంతే, నోరు తెరిచే పని లేదు. చెంబు బోర్లా ఉందంటే ఆ పూట ఇంట్లో ఎవరూ ఏదీ అడగకూడదు. అమ్మ పుట్టింటికి పోవాలన్న మాట, అన్న లెక్కల పరీక్ష తప్పిన మాట, పై కప్పు కారుతున్న మాట, అన్నీ వాయిదా. "చెంబు సూసుకోండిరా, ఎవురన్నా నోరు తెరిస్తే నేను అడ్డం రాను" అని అమ్మ గుసగుసగా హెచ్చరించేది. జొన్నరొట్టెలు తట్టే చప్పుడు కూడా ఆ పూట మెత్తగా వినిపించేది.

ఈ చెంబు ఉద్యోగం వల్ల నాకు మిగిలింది బెంగ. ముడి ఉందో లేదో తేల్చుకోలేని సాయంత్రాలు ఉండేవి. ఎండకు ముడిచాడా, కోపంతో ముడిచాడా? నేను పొరపాటుగా చెంబు నిలబెట్టి, అన్న పోయి ఏదన్నా అడిగి తిట్లు తింటే? అందుకని అనుమానం వస్తే బోర్లించేదాన్ని. దాంతో మా ఇంట్లో చెంబు నిలబడ్డ రోజులకంటే బోర్లా పడ్డ రోజులే ఎక్కువ. బడిలో ఒకసారి మా తెలుగు అయ్యవారు భ్రుకుటి అని బల్ల మీద రాసి, "ఎవరన్నా అర్థం చెప్తారా?" అని అడిగారు. ఆయన తన బొమలు ముడిచి చూపించారు. నేను లేచి నిలబడి "మా నాయన అయ్యవారూ!" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. అయ్యవారు కూడా నవ్వారు గానీ, "అదే అర్థం, కూర్చో" అన్నారు. మాటకు అర్థం తెలిసిన సంతోషం కంటే, నాయన ముఖం మీద ఉన్నదానికి పుస్తకంలో పేరు ఉందన్న ఆశ్చర్యం ఎక్కువైంది నాకు.

ఆ అర్థం సగమేనని తెలిసింది నేను బడి చదువు ముగించిన ఎండాకాలంలో. కాలేజీలో చేరాలని నా కోరిక. ఆడపిల్లను కాలేజీకి పంపే ఆలోచన మా ఇళ్ళలో అప్పటికి లేదు. అడగాల్సింది అమ్మ, చూడాల్సింది నేను. నాయన ముఖం మీద ముడి విప్పుకున్న సాయంత్రమే దొరకలేదు. రోజూ చెంబు బోర్లించడం, రోజూ అమ్మ నా వంక చూసి పెదవి విరవడం. చేరడానికి గడువు ముగిసే రోజు వచ్చింది. ఆ సాయంత్రం నాయన ముఖం మీద అన్నిటికంటే లోతైన ముడి. నేను చెంబు బోర్లించి, మెట్టు మీదే కూలబడి ఏడ్చాను. అమ్మ చెంబు వంక చూసింది, కొంగుతో చేతులు తుడుచుకుని నేరుగా ముందుగదిలోకి పోయింది. కొరివితో తల గోక్కోవడమే అనుకున్నాను.

"పిల్ల చదువుతానంటాంది" అంది అమ్మ. నాయన, "నేనూ అదే అనుకుంటాండా. ఆ పిల్ల రోజూ నన్ను చూసి దడుసుకుంటాది. ఏమడగాల్నో అడగదు. దానికి నేనేం జేసినానని?" అన్నాడు. గొంతులో కోపం లేదు. దిగులు ఉంది. అమ్మ తిరిగొచ్చి నన్ను మెట్టు మీదనుంచి లేపింది. "అమ్మీ, ముడి రెండు రకాలే. కోపం ముడి అయితే బొమలు కిందికి దిగుతాయి. బెంగ ముడి అయితే లోపలి కొసలు పైకి లేస్తాయి. మీ నాయనది చానా మటుకు బెంగే. రాయి పగులుతాదో, సరుకు పోతాదో, పిల్లలు ఏమైతారో అని. నీకు తెలీలే." మరి ముందే చెప్పొచ్చు కదమ్మా అని నేను ఎగిరిపడ్డాను. "నాకు మాత్రం రోజూ తెలిసి చస్తుందా? దగ్గరికి పోయి చూస్తే కదా తెలిసేది!" అంది. కాలేజీలో చేరాను. అందుకే తెలుగు పంతులమ్మనైనాను. నిఘంటువులన్నీ బొమముడికి కోపం ఒక్కటే కారణం చెప్తాయి. మా అమ్మ చెప్పిన రెండో రకాన్ని నేను పిల్లలకు అదనంగా చెప్పేదాన్ని, పరీక్షలో రాయొద్దని హెచ్చరించి మరీ.

ఇంక వదిన ఫోన్లో గుర్తుచేసిన ఆ పొద్దు సంగతి. అప్పటికి నాకు పెళ్ళై గిద్దలూరు వచ్చేశాను, వదిన ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఎంతో కాలం కాలేదు. నాయన మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద ఒరిగినాడు, లేవలేదు. నేను పోయేసరికి ఇల్లు నిండా జనం. నాయన ముఖం చూసి నేను ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. నుదురు నున్నగా ఉంది. గాడి లేదు, బూడిదరంగు గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో పరాయి మనిషిని తెచ్చి మా మంచం మీద పడుకోబెట్టినట్టు ఉంది. అమ్మ ఆ నుదుటి మీద చేయి వేసి నిమురుతూ, "ముడి ఇప్పేసి పోయినాడే అమ్మీ, నా మీద ఇంక బెంగ లేదంట మీ నాయనకు" అని ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఆ ముడి ఎప్పుడు విప్పుకుంటుందా అని చెంబు పట్టుకుని కాచుకున్న ఇల్లు మాది. విప్పుకున్నాక చూడలేకపోయాం. అప్పటినుంచి మా ఇంట్లో నున్నటి నుదురంటే అందరికీ ఒకటే భయం.

ఏడాది తిరక్కుండానే అన్న నుదుటి మీద అదే ముడి మొదలైంది, పలకల పనితో పాటే. అమ్మ దాన్ని చూసి మురిసిపోయేది. వదినకు చెంబు పద్ధతి కూడా అమ్మే నేర్పి పోయింది. తర్వాత కాలం మారింది. పలకలు కొనే బడులు తగ్గాయి, అన్న వ్యాపారం చిన్నదైంది, కాళ్ళు కడుక్కోవడానికి గుమ్మం దగ్గర కొళాయి వచ్చింది. ఇప్పటి పిల్లలకు కోపం వస్తే ఫోన్లో బొమలు ముడుచుకున్న పచ్చటి గుండు బొమ్మ పంపిస్తారు. ఎదురుగా ఉంటే, "ఏంటి తాతా అంత సీరియస్?" అని ముఖం మీదే అడిగేస్తారు. మా కాలమే బాగుండేదని నేను అనను. ఇంటెడు మంది ఒక మనిషి నుదురు చూసి బతకడం ఏం బతుకు? కానీ ఒక మనిషి ముఖాన్ని అంత శ్రద్ధగా రోజూ చూడడం అనేది కూడా పోయింది. పక్కన కూర్చున్నవాడికి మూతి వంకర పోయినా, ఫోన్లో నుంచి తలెత్తితే కదా కనపడేది!

మార్కాపురం బస్టాండులో దిగి ఆటోలో ఇంటికి పోయేసరికి అన్న ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం కుడి సగం మా అన్నది. ఎడమ సగం జారిపోయి, కన్ను తెరుచుకునే ఉండి, నీళ్ళు కారుతున్నాయి. ఆ పక్క నుదురు ఆ పొద్దటి నాయన నుదురే. "వచ్చినావా అమ్మీ" అన్నాడు, మాట పెదవి సందులోంచి జారింది. పక్కింటి పెద్దమ్మ అప్పటికే చేరి, "డాక్టర్లకేం తెలుస్తాది, పావురం రక్తం రాస్తే మూడు పూటల్లో సర్దుకుంటాది" అంటోంది. వదిన అటూ ఇటూ ఊగుతోంది. "పావురాన్ని ఎగరనీ పెద్దమ్మా, ముందు ఆసుపత్రికి పోనీ" అన్నాను. నా ముఖం ఎట్లా ఉందో గానీ ఆమె పక్కకు తప్పుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల, మా బడిలో చదివిన పిల్లల ఈడుది. అన్న చేతులు పట్టి నొక్కించుకుంది, కాళ్ళు ఎత్తించింది, నడిపించింది. "పళ్ళు చూపించండి పెద్దాయనా" అంది, మూతి కుడికి లాక్కుపోయింది. "ఇప్పుడు కోపంగా చూడండి. ఎవరి మీదైనా బాగా కోపం వచ్చిందనుకోండి, కనుబొమలు ముడవండి" అంది. జీవితంలో అన్నను ఎవరూ అడగని కోరిక అది. వదిన అంత దుఃఖంలోనూ, "అడక్కుండానే ముడిసేవాడమ్మా ఈయన" అంది. అన్న ప్రయత్నించాడు. నేను, వదిన ఆ నుదుటినే చూస్తున్నాం. కుడి బొమ కిందికి దిగి మధ్యకు వచ్చింది, చర్మం మడత పడింది. ఎడమ బొమ కదల్లేదు. పలక లాగా నున్నగా ఉండిపోయింది. అన్న కుర్చీని గట్టిగా పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. సగం ముడే పడింది. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది. మా అన్న సగం అప్పుడే వెళ్ళిపోయాడనుకున్నాను.

"మంచిదే" అంది ఆ పిల్ల. నాకు ఒళ్ళు మండింది. "ఏం మంచిదమ్మా? ముడి పడకపోతే మంచిదా?" అని గట్టిగానే అడిగాను. ఆమె నా ముఖం చూసి నవ్వింది. "అవునమ్మా, పడకపోవడమే మంచిది. మెదడులో దెబ్బతగిలి పక్షవాతం వస్తే మూతి జారుతుంది గానీ, మామూలుగా నుదురు రెండు పక్కలా ముడిపడుతుంది. ఈయన రెండు బొమలూ చక్కగా ముడిచి ఉంటే నేను కంగారుపడి పెద్దాసుపత్రికి పంపేదాన్ని. నుదురుతో సహా పోయింది కాబట్టి ఇది ముఖానికి వచ్చే నరం వాపు. చేతులూ కాళ్ళూ బలంగా ఉన్నాయి. మందులు వాడితే చాలామందికి తగ్గిపోతుంది. కంటిని మాత్రం జాగ్రత్తగా కాపాడుకోవాలి." నేను ఆమెతో మూడుసార్లు అదే చెప్పించుకున్నాను. మేము దేన్ని చూసి చావు అనుకున్నామో ఆ పిల్ల దాన్నే చూసి బతుకు అంది. లోకంలో ఎవరైనా జారిన మూతిని చూసి భయపడతారు. నుదురు చూసి హడలిపోయింది మా ఇంటివాళ్ళమే అయి ఉంటాం. బయటికి వచ్చాక వదిన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని బోరుమంది. "చచ్చి బతికినట్టయింది సుశీలా" అంది. అన్న సగం మూతితో, "నేను బతికే ఉండా, నువ్వెందుకు ఏడుస్తాండావే" అన్నాడు.

తగ్గిపోతుందన్నది డాక్టరు మాట. తగ్గేదాకా నిద్రపట్టనిది నాకు. చాలామందికి అంది, అందరికీ అనలేదు కదా! రోజూ ఫోన్ చేసేదాన్ని. "ముడి పడతాందా?" ఇదే ప్రశ్న. "ఇంకా లేదు." కంటికి చుక్కలు వేసి, పడుకునేటప్పుడు ప్లాస్టరు అంటించి, వదిన పసిబిడ్డను సాకినట్టు సాకింది. అన్న అద్దం ముందు కూర్చుని బొమలు ముడవడం సాధన చేస్తున్నాడట. చిన్నప్పుడు లెక్కలు కూడా అంత పట్టుగా చేయలేదు. వారాలు గడిచే కొద్దీ మూతి కాస్త సర్దుకుంది, నీళ్ళు తాగితే కారడం తగ్గింది. నుదురు మాత్రం మొండికేసింది. కొందరికి అది అట్లాగే ఉండిపోతుందని ఎవరో చెప్తే, నేను పూజగదిలో కూర్చుని, నాకు జీవితంలో అచ్చిరాని ఆ బొమముడిని మా అన్నకు తిరిగి ఇమ్మని వేడుకున్నాను.

ఉండబట్టలేక ఒక రోజు చెప్పాపెట్టకుండా మార్కాపురం పోయాను. నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే అన్న ముందుగదిలో ఫోన్లో ఎవరినో చెరిగేస్తున్నాడు. పలకలు లోడు చేసినవాడు మధ్యలో గడ్డి పెట్టలేదట, సగం సరుకు పగిలిందట. "బుద్ధుందా లేదా నీకు? పలకలంటే ఇటికెలనుకున్నావా?" అని అరుస్తున్నాడు. నేను అన్న ముఖం చూశాను. కుడి బొమ దిగింది. దాని వెనకే, కొంచెం ఆలస్యంగా, బద్ధకంగా, ఎడమ బొమ కూడా దిగింది. మధ్యలో గాడి పడింది. వంటింటి వైపు పరిగెత్తాను. వదిన అప్పటికే తలుపు చాటునుంచి చూస్తూ నిలబడి ఉంది. గూట్లోంచి అమ్మ నాటి ఇత్తడి చెంబు తీసి, మెట్టు మీద బోర్లించి, దాని పక్కనే కూలబడి కళ్ళు తుడుచుకుంది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒకేసారి ఏడుస్తూ నవ్వుతున్నాం.

ఆ చప్పుడుకు అన్న ఫోన్ పెట్టేసి వచ్చాడు. బోర్లించిన చెంబును, మమ్మల్ని చూసి, "ఏందే మీ ఇద్దరి నవ్వు? అక్కడ నా సరుకు పగిలి నేనేడుస్తాంటే!" అని ఇంకా గట్టిగా బొమలు ముడిచాడు.

"ముడువు అన్నా," అన్నాను, "ఇంకా బాగా ముడువు."